పాత కారుకు కొత్త యజమాని



ఇంట్లో కారు కొందామన్న మాట వచ్చిందంటే, వెనకాలే వచ్చే ప్రశ్న కొత్తదా పాతదా అని. ఆరేడు లక్షలు చేతిలో ఉన్న కుటుంబానికి కొత్త కారంటే చిన్న కారే. అదే డబ్బుకు నాలుగేళ్లు తిరిగిన బండి అయితే వెనక ముగ్గురు సుఖంగా కూర్చునేది, డిక్కీలో పెళ్లికి వెళ్లే సామానంతా పట్టేది దొరుకుతుంది. కొత్త కారు ధర మొదటి రెండు మూడేళ్లలోనే బాగా పడిపోతుంది. ఆ నష్టం మొదటి యజమాని భరించేశాడు. అందుకని పాత కారు కొనడం తెలివైన పనేనని నా అభిప్రాయం. అయితే ఆ కారును ఎవరి దగ్గర, ఏం చూసుకుని కొంటున్నామన్నదే అసలు సంగతి. ఈరోజు నేను డీలరు దగ్గర కొనడం గురించే మాట్లాడతాను. డీలరంటే మన ఊళ్లలో ఆటో కన్సల్టెన్సీ అని బోర్డు పెట్టుకున్న దుకాణం కావచ్చు, కార్ల కంపెనీలు నడిపే సెకండ్ హ్యాండ్ షోరూం కావచ్చు, ఫోన్‌లో బుక్ చేస్తే కారును ఇంటికి తెచ్చే పెద్ద సంస్థ కావచ్చు.

పక్కవీధి మాస్టారు తన కారు అమ్ముతుంటే మనకు ఆయన తెలుసు, ఆయన బండి నడిపే తీరు తెలుసు, ఏ చెట్టు కింద నిలిపేవారో కూడా తెలుసు. డీలరు దగ్గర నిలబెట్టిన కారు గురించి ఇవేవీ తెలియవు. పైగా ధర కూడా ఎక్కువ. డీలరు కారు కొని, కడిగించి, చిన్నచిన్న రిపేర్లు చేయించి, తన లాభం వేసుకుని అమ్ముతాడు. అది న్యాయమే. కానీ ఆ ఎక్కువ డబ్బుకు మనకేం దక్కుతోంది? మెరిసే పెయింటూ కొత్త సీటు కవర్లూ అయితే అవి మనమే వేయించుకోగలం. ఆ డబ్బు మనం ఇచ్చేది బండి చరిత్ర కోసం, ఆ చరిత్రకు డీలరు రాతపూర్వకంగా పూచీ పడినందుకు, కాగితాలు మన పేరు మీదికి మార్పించి ఇచ్చినందుకు. ఈ మూడూ దక్కకపోతే అదనంగా ఇచ్చిన ప్రతి రూపాయీ వృథా. నా మాటలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

పాత కార్ల వ్యాపారాన్ని తీసుకుని ఒక అర్థశాస్త్రవేత్త నోబెల్ బహుమతి అందుకునేంత పని చేశాడు. జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్. 1970లో అచ్చయిన ఆయన వ్యాసంలో విషయం ఇదీ: అమ్మేవాడికి తన కారు మంచిదో కాదో తెలుసు. కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి కొనేవాడు అన్ని కార్లకూ ఒక మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. చెడ్డ కారున్నవాడు సంతోషంగా అమ్ముతాడు. అలా పోనుపోను మంచి బండ్లు బజారు నుంచి తప్పుకుంటాయి, చెడ్డవి మిగులుతాయి. ఈ వ్యాసాన్ని మొదట కొన్ని పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఈ వ్యాసం రాసిన రోజుల్లోనే, 1967, 68 ప్రాంతంలో, అకర్లాఫ్ ఢిల్లీలోని భారత గణాంక సంస్థలో ఒక ఏడాది పనిచేశాడు. అందుకేనేమో, కార్ల గురించిన ఆ వ్యాసంలో మన బజారు బియ్యం కూడా వస్తుంది. బియ్యం రంగులోనే, బియ్యం గింజ ఆకారంలోనే ఉండే రాళ్లను కావాలని కలిపి అమ్మితే, మన ఇల్లాళ్లు వాటిని ఏరుకోవలసి వస్తుందని రాశాడు.

డీలరు దగ్గర మనం చేయవలసిందీ ఆ ఏరడమే. దానికి కార్ల గురించి పెద్ద చదువు అక్కర్లేదు. ఓపిక కావాలి, అడగడానికి మొహమాటం లేకపోవాలి.

మొట్టమొదట అడగవలసిన ప్రశ్న చాలామంది అడగరు. “ఈ బండి మీరు కొన్నదా, యజమాని మీ దగ్గర పెట్టి అమ్మిపెట్టమన్నదా?” రెండూ జరుగుతాయి. రెండో రకంలో డీలరు మధ్యవర్తి మాత్రమే, కమీషన్ తీసుకుంటాడు. రేపు ఏదైనా తేడా వస్తే “నాకేం తెలుసండీ, ఓనరును అడగండి” అంటాడు. కాబట్టి అలాంటి బండికి యజమానితో కనీసం ఫోన్‌లోనైనా మాట్లాడించమని పట్టుబట్టండి. ఎందుకు అమ్ముతున్నారు, ఎక్కడ సర్వీసు చేయించేవారు, ఏమైనా గుద్దుకుందా అని అడగండి. డీలరు సొంతంగా కొన్న బండైతే, ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నాడో చూపించమనండి.

2023 ఏప్రిల్ 1 నుంచి ఈ వ్యాపారానికి కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నియమాలు పెట్టింది. పాత వాహనాల డీలరు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలి. యజమాని బండిని డీలరుకు అప్పగించినప్పుడు ఆ సంగతి ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో రవాణా శాఖకు తెలియజేయాలి. ఆనాటి నుంచి ఆ బండి బాధ్యత డీలరుది. బండిని సొంత పనులకు తిప్పకూడదు. కొనేవాళ్లకు నడిపి చూపించడానికి, రిపేరుకు, తనిఖీకి మాత్రమే బయటికి తీయాలి, తీసిన ప్రతిసారీ రిజిస్టరులో రాయాలి. ఇది మంచి చట్టం. కానీ బోర్డు కట్టిన ప్రతి దుకాణానికీ ఈ అనుమతి ఉంటుందని అనుకోకండి. అడగండి, కాగితం చూపించమనండి. ఉన్నవాడు గర్వంగా చూపిస్తాడు.

ఇక కాగితాలు. బండి చుట్టూ తిరిగే ముందు ఆర్‌సీ చేతిలోకి తీసుకోండి, మా తరంవాళ్లు సి-బుక్కు అనేది అదే. దాని నంబరు ఎంపరివాహన్ యాప్‌లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఎన్నో యజమాని, ఏ ఇంధనం, బీమా ఎప్పటిదాకా ఉంది, అప్పు ఉందా అన్నవి వస్తాయి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె పోల్చండి. తయారైన నెల, రిజిస్టరైన నెల మధ్య దూరం చూడండి. డిసెంబరులో తయారై మరుసటి మార్చిలో రిజిస్టరైన బండిని డీలరు రిజిస్ట్రేషన్ సంవత్సరంతోనే చెబుతాడు. ధర బేరమాడేటప్పుడు వయసును మాత్రం తయారైన నెల నుంచే లెక్కేసుకోండి. ఆర్‌సీలో బ్యాంకు పేరు హైపోథికేషన్ కింద ఉంటే, అప్పు తీరినట్టు బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 కావాలి. “లోన్ క్లియర్ అయిపోయింది, కాగితం వారంలో వస్తుంది” అంటే, వారం తర్వాతే కొనండి. ట్రాఫిక్ చలాన్లు ఎన్ని బాకీ ఉన్నాయో పోలీసుల వెబ్‌సైటులో కనిపిస్తుంది. అవి డబ్బు చేతులు మారకముందే అమ్మేవాళ్లు కట్టాలి. బండి దొంగ సొత్తా అన్న అనుమానం తీర్చుకోవడానికి జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే వాహన్ సమన్వయ్ అనే సదుపాయం ఉంది.

హైదరాబాదు దుకాణాల్లో ఢిల్లీ బండ్లు కనిపిస్తుంటాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లను, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లను నడపకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీం కోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత దానిమీద ఎన్నో మలుపులు వచ్చాయి గానీ, ఆ భయంతో అక్కడివాళ్లు పెద్ద డీజిల్ కార్లను ముందే తక్కువ ధరకు వదిలించుకోవడం మొదలుపెట్టారు. వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఖరీదైన కారైతే ఆ పన్ను చిన్న మొత్తం కాదు. “ఢిల్లీ బండి కాబట్టి రెండు లక్షలు తక్కువ” అన్న మాటకు పడిపోయే ముందు ఆ పన్ను ఎంతో రవాణా కార్యాలయంలో కనుక్కోండి. అది కలిపాక ఇంకా చవగ్గానే ఉంటే అప్పుడు ఆలోచించండి.

కాగితాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాత బీమా పాలసీ. డీలర్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు, కొనేవాళ్లు అసలే చూడరు. కానీ అందులో బండి చరిత్ర దాగి ఉంటుంది. క్లెయిము చేయకుండా ఒక ఏడాది గడిస్తే మరుసటి ఏడాది ప్రీమియంలో 20 శాతం తగ్గింపు ఇస్తారు. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, అయిదేళ్లకు 50 శాతం. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఇప్పుడు మీ ముందున్నది ఒకే యజమాని నడిపిన అయిదేళ్ల బండి, “చిన్న గీత కూడా పడలేదండీ” అని డీలరు చెప్పాడనుకోండి. చివరి పాలసీ తీసి ఆ బోనస్ గడి చూడండి. 45 అని ఉంటే ఆ మాట నమ్మవచ్చు. సున్నా అని ఉంటే అంతకు ముందటి ఏడాది క్లెయిము జరిగి ఉండవచ్చు. లేదా మధ్యలో బీమా ఆగిపోయి ఉండవచ్చు. ఏదైనా సరే, అడగవలసిన ప్రశ్న మీకు దొరికింది. ఏం పోయింది, ఎంత ఖర్చయింది, ఎక్కడ బాగుచేయించారు?

మీటరు సంగతి. ఈ రోజుల్లో మీటర్లన్నీ డిజిటలే కాబట్టి వెనక్కి తిప్పడం కుదరదని కొందరు నమ్ముతారు. కుదురుతుంది. కంప్యూటరు తగిలించి అంకెలు మార్చేవాళ్లు ఉన్నారు. అందుకని మీటరును సాక్ష్యాలతో కలిపి చదవాలి. మొదటి సాక్ష్యం ఆ కారు కంపెనీ సర్వీస్ సెంటరులో ఉండే రికార్డు. ప్రతి సర్వీసుకూ తేదీ, అప్పటి కిలోమీటర్లు అందులో నమోదవుతాయి. దాని ప్రింటు తెప్పించి ఇవ్వమని డీలరును అడగండి. మీటరు 38,000 చూపిస్తూ, రెండేళ్ల కిందటి సర్వీసులో 61,000 అని ఉంటే ఇంక ఆ దుకాణంలో ఏ బండీ చూడనక్కర్లేదు. రెండో సాక్ష్యం టైర్లు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2321 అంటే 2021లో ఇరవైమూడో వారం. కారు 2020 నాటిది, మీటరు ముప్పై వేలు, టైర్లు మాత్రం 2024వి. ముప్పై వేలకే నాలుగు టైర్లూ ఎందుకు మార్చవలసి వచ్చింది? మామూలు వాడకంలో కంపెనీ టైర్లు నలభై, యాభై వేలు వస్తాయి. మూడో సాక్ష్యం డ్రైవరు కూర్చునే చోటు. క్లచ్, బ్రేకు పెడళ్ల మీది రబ్బరు, స్టీరింగ్ తోలు, గేరు రాడ్ పిడి, సీటు అంచు. ఇవన్నీ అరిగిపోయి మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంటే, నేను నమ్మేది పెడళ్లను. పెడళ్ల రబ్బర్లు కొత్తవి వేయించినా సరే, ఎందుకు వేయించారని అడగాలి.

ట్యాక్సీగా తిరిగిన బండ్లు కూడా పసుపు నంబరు ప్లేటు తీయించుకుని సొంత వాడకం బండ్లుగా దుకాణాలకు వస్తాయి. చట్టప్రకారం మార్పించుకున్నదైతే తప్పు లేదు, కానీ ధర ఆ మేరకు తగ్గాలి. ఆ సంగతి చెప్పకుండా అమ్మితే మోసం.

గుద్దుకున్న బండిని పట్టుకోవడానికి ఎండలో చూడాలి. దుకాణం లోపల ట్యూబులైట్ల కింద ప్రతి కారూ బాగుంటుంది. తడిసిన కారును అసలు చూడకండి, నీళ్లు గీతల్నీ రంగు తేడాల్నీ దాచేస్తాయి. పగటి వెలుగులో పక్కనుంచి చూస్తే ఒక తలుపు రంగు ఇంకో తలుపుతో కలవకపోవడం తెలుస్తుంది. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా సమానంగా ఉందా? బానెట్ తెరిచి బోల్టుల తలల మీద పానా పెట్టిన గుర్తులు చూడండి, కంపెనీ పెయింటు చెదిరి ఉంటే అది విప్పిన బానెట్. తలుపుల రబ్బరు బీడింగ్ కాస్త లాగి పిల్లర్ల దగ్గర వెల్డింగ్ చుక్కలు చూడండి. ఫ్యాక్టరీ చుక్కలు ఒకే వరుసలో, ఒకే దూరంలో ఉంటాయి. బంపరు మారినా, తలుపుకు టింకరింగ్ జరిగినా అదేమంత పెద్ద విషయం కాదు. మన రోడ్ల మీద నాలుగేళ్లు తిరిగిన బండికి అది సహజం. పిల్లరు కోసి అతికారన్నా, ముందు ఏప్రాన్ వంకర తీశారన్నా మాత్రం ఎంత తక్కువ ధరకిచ్చినా వద్దు. ఇంకో సంగతి: తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి, కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే అంతకన్నా అనుమానం. పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ చోట కొత్తది పెట్టకుండా ఆ దీపాన్నే తీసేసేవాళ్లు ఉంటారు. అది డబ్బు నష్టం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

మునిగిన బండ్ల గురించి మన రాష్ట్రాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉంది. అలాంటప్పుడు బాగుచేయడం దండగనుకున్న బండ్లకు బీమా కంపెనీలు పరిహారం ఇచ్చేసి, ఆ బండ్లను వేలంలో అమ్ముతాయి. విడిభాగాలకు కొనేవాళ్లతో పాటు, శుభ్రం చేసి మళ్లీ రోడ్డెక్కించేవాళ్లూ వాటిని కొంటారు. అవి ఆ ఊళ్లోనే అమ్ముడుపోవాలని లేదు, నాలుగు జిల్లాల అవతల తేలవచ్చు. నీళ్లు తాగిన కారు మొదట బాగానే నడుస్తుంది. తర్వాత వైర్ల జాయింట్లు చిలుము పట్టి ఒక రోజు అద్దాలు దిగవు, ఇంకో రోజు లైట్లు వెలగవు, ఏ మెకానిక్కూ కారణం పట్టుకోలేడు. అందుకని సీటు బెల్టును చివరిదాకా పూర్తిగా బయటికి లాగండి. కడగడం మరిచిపోయే చోటు అదే, చివరి మూరలో బురద మరక ఉండిపోతుంది. సీట్ల కింద పట్టాలకు తుప్పు ఉందా, స్టెప్నీ గుంటలో సన్నటి ఒండ్రు ఉందా చూడండి. అద్దాలెత్తి పది నిమిషాలు ఎండలో ఉంచి తలుపు తెరవండి. ముక్కిపోయిన వాసన సెంటు సీసాతో పోదు. పైగా, బండిలో సెంటు వాసన మరీ గుప్పుమంటే అదీ ఒక కబురే.

నడిపి చూసే రోజు మీరు వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉండకూడదు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. “ఇప్పుడే వార్మప్ చేశామండీ” అంటే, రేపు పొద్దున వస్తాం, మేము వచ్చాకే స్టార్ట్ చేయండి అని చెప్పండి. చల్లటి ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో అందులోనే సగం నిజం తెలుస్తుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందన్నమాట, మెకానిక్కుల మాటలో బోరుకు వచ్చింది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కూలెంట్ లోపలికి వెళ్తోందేమోనని అనుమానించాలి. స్పీడ్ బ్రేకర్లున్న గల్లీలో ఒకసారి, ఖాళీ రోడ్డు మీద ఎనభై వేగంలో ఒకసారి నడపండి. పాటలు ఆపేయండి. ఏసీ ఒకసారి వేసి, ఒకసారి ఆపి నడపండి. ఇన్ని చెప్పినా మీకు ధైర్యం చాలకపోతే, మీకు తెలిసిన మెకానిక్కును వెంట తీసుకెళ్లండి. ఆటోనగర్లో ముప్పై ఏళ్లు చేతులు నల్లబడిన మనిషి శబ్దం విని చెప్పేది ఏ యాపూ చెప్పదు. ఆయనకు పూట కూలి, ఆటో ఖర్చు ఇవ్వండి. డీలరు ఇచ్చిన “నూట నలభై పాయింట్ల తనిఖీ” కాగితం చదవండి, కానీ అది అమ్మేవాడు రాసిన కాగితమని గుర్తుంచుకోండి.

బండి తయారైన సంవత్సరం గురించి రెండు మాటలు. 2019 జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది, దానికి ముందు వచ్చిన చవక మోడళ్లలో అదీ లేనివి ఉన్నాయి. పిల్లల్ని ఎక్కించుకునే బండికి ఒకటి రెండేళ్లు కొత్తది చూసుకోవడం మంచిది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది శుభ్రపడాలంటే హైవే మీద కాసేపు వేగంగా తిరగాలి. రోజూ రైతుబజారుకూ బడికీ మాత్రమే తిప్పేవాళ్లకు అలాంటి డీజిల్ కారు తగదు. పెట్రోల్ బండి కొనేవాళ్లు, ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు అది తట్టుకుంటుందో లేదో కంపెనీ మాన్యువల్లో చూసుకోవాలి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైనవాటిలో చాలా కార్లు పది శాతానికే తయారుచేసినవి.

ధర విషయంలో గమనించవలసినది, 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొత్త కారు ధర తగ్గాక పాత కారు ధర కూడా తగ్గాలి కదా. కాబట్టి పాత కారు బేరం మొదలుపెట్టే ముందు, అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతో కనుక్కోండి. ఇంకొకటి: పాత కార్ల మీద డీలరు కట్టవలసిన 18 శాతం జీఎస్టీ సాధారణంగా తన లాభం మీదే. నాలుగు లక్షలకు కొని నాలుగు లక్షల అరవై వేలకు అమ్మితే, పన్ను ఆ అరవై వేల మీద, అంటే 10,800 రూపాయలు. మొత్తం ధర మీద 18 శాతం అదనంగా కట్టమని ఎవరైనా బెదిరిస్తే లెక్క అడగండి. ఇక డీలరు దగ్గరే లోన్ ఇప్పిస్తామంటారు. దానిమీదా వాళ్లకు కమీషన్ వస్తుంది. “పది శాతమే” అన్నప్పుడు ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. నాలుగు లక్షలు, నాలుగేళ్లు, పది శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 1,60,000. బ్యాంకులు చెప్పే పద్ధతిలో లెక్కేస్తే అది 17 శాతం దాటుతుంది. ముందు మీ బ్యాంకుకు వెళ్లి అక్కడి వడ్డీ తెలుసుకుని, ఆ తర్వాత దుకాణానికి రండి.

బేరం కుదిరాక టోకెన్ అడ్వాన్సు అడుగుతారు. ఇవ్వండి, కానీ రసీదు మీద బండి నంబరు, ఒప్పుకున్న మొత్తం ధర, ఏ కారణంతో వెనక్కి ఇస్తారు అన్నవి రాయించుకోండి. డీలరు నోటితో చెప్పినవన్నీ కాగితం మీద పెట్టమనండి: ప్రమాదం జరగలేదు, మునగలేదు, కిలోమీటర్లు నిజమైనవి, ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ ఇన్ని నెలలు పూచీ. అమెరికాలో చదువుకు వెళ్లిన మన పిల్లలు మొదటి కారు పాతదే కొంటారు. అక్కడ 1985 నుంచి, డీలరు అమ్మకానికి పెట్టిన ప్రతి పాత కారుకూ గ్యారంటీ ఉందా, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాడా అన్నది కిటికీ అద్దానికి కాగితం అంటించి చెప్పాలి. మన దగ్గర అలాంటి కాగితం ఎవరూ అంటించరు. కాబట్టి అడిగి రాయించుకోవాలి. రాయనంటే, ఆ మాటల్లో నిజం లేదని అర్థం. మరో దుకాణం చూసుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పని, పేరు మార్పిడి. ఫారం 29, ఫారం 30 మీద అమ్మినవాళ్ల సంతకం ఉండాలి, తారీఖు వేసి ఉండాలి. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని, ఆ బండిని చేతులు మార్చి మార్చి అమ్మడం మన దగ్గర ఏళ్లుగా సాగుతున్న అలవాటు. ఆ అలవాటు మనుషుల్ని ఎంత ముంచుతుందో చెప్పే కేసు ఒకటుంది. హర్యానాలో ఒకాయన తన కారు 2007లో అమ్మేశానన్నాడు. అది మరికొన్ని చేతులు మారింది. 2009 మే నెలలో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆర్‌సీలో పేరు మాత్రం మొదటాయనదే. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. రిజిస్టరులో ఎవరి పేరుందో ఆయనే యజమాని, పరిహారం బాధ్యత ఆయనదేనని 2018 ఫిబ్రవరి 6న కోర్టు తేల్చింది. చట్టప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మిన బండికి అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. డీలరు “మేమే చేయిస్తాం” అంటే సరే, కానీ పది, పదిహేను వేలు ఆపి, కొత్త ఆర్‌సీ చేతికొచ్చాక ఇస్తామని ముందే మాట్లాడుకోండి. బండి తెచ్చుకున్న రోజు, సమయం రాసిన డెలివరీ కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆ సమయానికి ముందు పడిన చలాన్లు అమ్మినవాళ్లవి, తర్వాతవి మీవి.

బీమా విషయంలో చాలామంది పొరబడతారు. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి సంబంధించిన థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటు వస్తుంది. మీ సొంత బండికి జరిగే నష్టానికి మాత్రం కంపెనీ దగ్గర పాలసీలో మీ పేరు మార్పించుకోవాలి, పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. అమ్మినవాళ్లు దాన్ని తమతో తీసుకెళ్తారు, ఆ తేడా ప్రీమియం మీరు కట్టాలి. అలాగే రెండు తాళాలూ తీసుకోవడం మరవకండి. బండి పోతే బీమా కంపెనీ రెండూ అడుగుతుంది. పాత ఫాస్టాగ్ రద్దు చేయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా మోసం బయటపడితే, దాన్ని తలరాతగా వదిలేయకండి. పాత వస్తువు కొన్నవాళ్లు కూడా వినియోగదారులే. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది. ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ డీలరు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే దానికి ఫీజు కూడా లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి. అప్పుడు మీ చేతిలో ఉండవలసినవి రసీదులు, రాయించుకున్న పూచీ కాగితం, సర్వీసు రికార్డు.

ఈ వ్యాపారంలో ఉన్న శ్రోతలకు ఒక మనవి. మీలో బండి లోపాలు ముందే చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. అలాంటి దుకాణానికి మనుషులు అన్నదమ్ముల్నీ వియ్యంకుల్నీ తీసుకొస్తారు. ప్రతి బండికీ దాని కథ ఒక కాగితం మీద రాసి, అడగకముందే చేతికివ్వండి.

చివరగా, ఎప్పుడో కారు అమ్మేసి ఆ సంగతే మరిచిపోయినవాళ్లకు ఒక మాట. ఈ ప్రసంగం అయిపోగానే ఆ పాత నంబరు ఒకసారి యాప్‌లో కొట్టి చూడండి. యజమానిగా ఇంకా మీ పేరే కనిపిస్తే, రేపే రవాణా కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా తెలియజేయండి.